టీ ట్రీ ఆయిల్‌ను చర్మానికి ఎలా వాడాలి: కలిపే కొలతలు, రాసే తీరు, ఎదురయ్యే ఇబ్బందులు

మొటిమ కనబడగానే దూది పుల్లను టీ ట్రీ ఆయిల్ సీసాలో ముంచి నేరుగా దాని మీద అద్దేస్తారు చాలామంది. ఆ రాత్రంతా చురచుర మంట. తెల్లారేసరికి మొటిమ చుట్టూ చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంటుంది, మర్నాటికి పొలుసులు లేస్తాయి. చామనఛాయ, నలుపు చర్మాల్లో అలా కమిలిన చోట నల్లమచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది. ఏమీ రాయకుండా వదిలేసి ఉంటే ఆ మొటిమ బహుశా వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోయేది.

అలాగని నూనె చెడ్డది కాదు. సీసాలో ఉన్నది అసలేమీ కలపని గాఢమైన సరుకు. చర్మానికి కావాల్సింది అందులో ఇరవయ్యో వంతు, చాలాసార్లు వందో వంతు. ఈ నూనె మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది: ఎంత పలచన చేశారు, నూనె ఎంత తాజాగా ఉంది. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ రెండింటి చుట్టూ తిరిగేవే.

ముందు సీసా చూడండి

ఈ నూనె తీసే చెట్టు పేరు మెలలూకా ఆల్టర్నిఫోలియా. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు ఉత్తర ప్రాంతంలో, చిత్తడి నేలల్లో సహజంగా పెరుగుతుంది. అక్కడి బుంజలుంగ్ ఆదివాసులు దీని ఆకు నలిపి గాయాలకు వాడేవారు. 1920లలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త దీని నూనెకు సూక్ష్మజీవుల్ని చంపే గుణం బలంగా ఉందని చూపించాక బయటి ప్రపంచానికి తెలిసింది. ఆకుల్లోంచి, చిటారు కొమ్మల్లోంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను వేరు చేస్తారు. పేరులో టీ ఉన్నా మనం తాగే తేయాకుకూ దీనికీ సంబంధం లేదు. తేయాకు జాతి గింజల్ని పిండి తీసే నూనె వేరే ఉంది. దాన్ని టీ సీడ్ ఆయిల్ అంటారు. అది మామూలు గింజల నూనె, నేరుగా రాసుకోవచ్చు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఒకదాని సలహా ఇంకోదానికి వర్తింపజేసి ఇబ్బంది పడేవాళ్లున్నారు.

కాబట్టి లేబుల్ మీద మెలలూకా ఆల్టర్నిఫోలియా అన్న పూర్తి పేరు ఉందో లేదో చూడండి. ఉత్త ‘టీ ట్రీ’ అని రాసి ఉంటే చాలదు. మనుకా, కానుకా, కాజుపుట్, నియావులీ నూనెలు కూడా ఇదే కుటుంబానికి చెందినవే, కానీ వాటిలో ఉండే పదార్థాల పాళ్లు వేరు.

తర్వాత చూడాల్సింది పదార్థాల పాళ్లు. ఈ నూనెకు ఐఎస్ఓ 4730 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2017 నాటి సవరణ ప్రకారం టెర్పినెన్-4-ఓల్ అనే పదార్థం 35 నుంచి 48 శాతం ఉండాలి. సూక్ష్మజీవుల మీద పనిచేసేది ప్రధానంగా ఇదే. 1,8-సినియోల్ అనే ఇంకో పదార్థం 10 శాతం దాటకూడదు. నిఖార్సైన సరుకు అమ్మేవాళ్లు ఆ బ్యాచ్ పరీక్ష పత్రం అడిగితే ఇస్తారు. ఇవ్వలేమంటే ఆ సీసా వదిలేయడమే మంచిది.

సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. మూత తీయగానే నోటి దగ్గర చుక్కలుగా పడేలా ప్లాస్టిక్ బిళ్ల అమర్చి ఉండాలి. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ మూతతో అమ్మే సీసా వద్దు. ఈ నూనె ఆవిరికి రబ్బరు ఉబ్బి, జిగురుగా మారి నూనెలో కలుస్తుంది. పైగా అలాంటి మూత సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది.

ఇంటికి తెచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఒక రోజంతా వదిలేయండి. మంచి నూనె దాదాపు పూర్తిగా ఆవిరైపోతుంది. కాగితం మీద వంటనూనె పడ్డట్టు పారదర్శకంగా జిడ్డు మరక మిగిలితే దాంట్లో ఇంకేదో నూనె కలిపారన్నమాట. కల్తీ అన్నీ ఈ ఒక్క పరీక్షకు దొరకవు గానీ నాసిరకం కల్తీ మాత్రం దొరికిపోతుంది.

పాత నూనె ఎందుకు వద్దు

ఈ విషయంలో ఎంత చెప్పినా తక్కువే. టీ ట్రీ నూనెలోని ఆల్ఫా టెర్పినీన్, గామా టెర్పినీన్ లాంటి పదార్థాలు గాలి, వెలుతురు, వేడి తగిలితే ఆక్సీకరణ చెంది వేరే పదార్థాలుగా మారతాయి. అలా పుట్టేవాటిలో ఆస్కారిడోల్ ఒకటి. అలర్జీ తెప్పించేవి ఎక్కువగా ఈ కొత్తగా పుట్టిన పదార్థాలే. తాజా నూనె పడిన చర్మానికే అదే సీసాలోని నూనె ఏడాదిన్నర తర్వాత పడకపోవచ్చు. ‘ఇన్నాళ్లూ వాడుతున్నదే, ఇప్పుడెందుకు దద్దుర్లు?’ అని అడిగేవాళ్ల సీసా తెచ్చి చూస్తే చాలాసార్లు అడుగున పావు వంతు నూనె, మిగతాదంతా గాలి. మూత చుట్టూ పసుపు పచ్చటి జిగురు కట్టి ఉంటుంది.

అందుకని ఇలా చేయండి. సీసా మూత తీసిన రోజే దాని మీద తేదీ రాసిపెట్టండి. అప్పట్నుంచి ఆరు నెలలు చర్మానికి వాడండి. ఫ్రిజ్‌లో పెడితే ఏడాది దాకా పర్వాలేదు. 10 మిల్లీలీటర్ల సీసా కొనండి, 50 కొంటే చవకని కొనకండి. నూనె సగానికి తగ్గాక 5 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలోకి మార్చేస్తే లోపల గాలి తగ్గుతుంది. స్నానాల గదిలో పెట్టొద్దు. కిటికీ పక్కన అసలే వద్దు.

పాతబడిందని ఎలా తెలుస్తుంది? తాజా నూనెకు నీళ్లలా పలచగా, రంగు లేకుండా లేదా లేత పసుపుగా ఉండే రూపం, కాస్త కర్పూరాన్ని తలపించే ఘాటు వాసన ఉంటాయి. పాతదైతే టర్పెంటైన్ లాగా ముక్కును పొడిచే వాసన వస్తుంది, చుక్క కాస్త బరువుగా జారుతుంది. అయితే వాసన మారకముందే అలర్జీ పదార్థాలు తయారై ఉండొచ్చు కాబట్టి ముక్కు కంటే తేదీని నమ్మండి. గడువు దాటిన నూనెను సింకులో పోయకండి. పాత కాగితాల్లో ఇంకించి, గట్టిగా మూసే సంచిలో పెట్టి పారేయండి. ఇది సులువుగా అంటుకునే నూనె, మంట దగ్గర ఆ పని చేయొద్దు.

కొలత: చుక్కల్ని నమ్మొద్దు

‘ఒక చెంచాకు రెండు చుక్కలు’ అనే సలహాలు తప్పుదారి పట్టిస్తాయి. చుక్క సైజు సీసా నోటిని బట్టి మారుతుంది. ఒక సీసాలో 20 చుక్కలకు 1 మిల్లీలీటర్ వస్తే, ఇంకో సీసాలో 35 చుక్కలు పడితే గానీ రాదు. మందుల షాపులో దొరికే సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజి తెచ్చుకోండి. దాని మీద 0.01 మిల్లీలీటర్ చొప్పున గీతలుంటాయి. నూనెను చిన్న గాజు గిన్నెలో వేసుకుని సిరంజితో లాగండి. లాగిన వెంటనే వాడేయండి, నూనె నింపి సిరంజిని పక్కన పెడితే లోపలి రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది.

చుక్కలే లెక్కపెట్టుకోవాలంటే మీ సీసా లెక్క ఒక్కసారి తేల్చుకోండి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం మీద గాజు గిన్నె పెట్టి 20 చుక్కలు వేసి బరువు చూడండి. ఆ బరువును 0.9తో భాగిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. ఉదాహరణకు 20 చుక్కలు 0.6 గ్రాములు తూగితే అది 0.67 మిల్లీలీటర్. అంటే మీ సీసాకు 30 చుక్కలకు ఒక మిల్లీలీటర్. ఆ అంకె సీసా మీదే రాసుకోండి.

మొత్తం మిశ్రమం 10 మిల్లీలీటర్లు చేయాలంటే:

0.5 శాతానికి టీ ట్రీ నూనె 0.05 మిల్లీలీటర్. సున్నితమైన చర్మం వాళ్లు మొదలుపెట్టేది ఇక్కడ.
1 శాతానికి 0.1 మిల్లీలీటర్. ముఖమంతా పలచగా రాసేదానికి ఇదే గరిష్ఠం అనుకోండి.
2 శాతానికి 0.2 మిల్లీలీటర్. ఒంటికి, పాదాలకు, తొలివారాల్లో మొటిమల మీద అద్దడానికి.
5 శాతానికి 0.5 మిల్లీలీటర్. కేవలం మొటిమ మీద, అదీ 2 శాతం పడ్డాకే.

ఇంతకు మించి ఇంట్లో కలుపుకోవద్దు.

దేంట్లో కలపాలి

నీళ్లలో కాదు. ఈ నూనె నీళ్లలో కరగదు. గులాబీ నీరో, మామూలు నీరో స్ప్రే సీసాలో పోసి నాలుగు చుక్కలు వేసి గిలకొట్టి కొట్టుకుంటే ఒకసారి ఉత్త నీళ్లు, ఇంకోసారి అచ్చంగా నూనె చర్మం మీద పడతాయి. స్నానపు తొట్టెలో వేసే చుక్కలదీ అదే కథ. అవి నీటి మీద తేలుతూ చర్మపు మడతల్లోకి, సున్నితమైన చోట్లకు చేరి భగ్గున మండుతాయి. కలబంద జెల్‌లో కూడా ఎక్కువ భాగం నీళ్లే. అందులో వేసి తిప్పితే కలిసినట్టే కనిపిస్తుంది, గంట తర్వాత చూస్తే పైన చిన్న చిన్న నూనె చుక్కలు విడిపోయి ఉంటాయి. వేలికి అంటుకునేది ఆ చుక్కే అయితే చర్మం మీద పడేది 5 శాతం కాదు, 50 శాతం. జెల్ రూపంలోనే కావాలనుకుంటే తయారుగా దొరికే 5 శాతం జెల్ కొనుక్కోండి. దాంట్లో నూనెను నీటితో కలిపి ఉంచే పదార్థం, బూజు పట్టకుండా ఆపే పదార్థం సరైన పాళ్లలో వేసి ఉంటాయి. ఇంట్లో ఆ రెండూ కుదిరేలా చేయడం కష్టం.

ఇంట్లో కలపడానికి నూనెలే నమ్మకం. ముఖానికి జొజోబా లేదా స్క్వాలేన్ మంచివి. జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉండే మైనం, త్వరగా చెడిపోదు. స్క్వాలేన్ కూడా అంతే, జిడ్డుగా అనిపించదు. పొద్దుతిరుగుడు నూనె ఒంటికి బాగుంటుంది గానీ త్వరగా కనరు వాసన వస్తుంది, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. కొబ్బరి నూనె మొటిమలున్న ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుపోయి కొత్తవి లేస్తాయి. పాదాలకు, మోచేతులకు వాడుకోవచ్చు.

కలిపే తీరు తేలిక. కడిగి పూర్తిగా ఆరబెట్టిన 10 మిల్లీలీటర్ల ముదురు గాజు సీసాలో ముందు టీ ట్రీ నూనె వేయండి, తర్వాత జొజోబా పోసి నింపండి, మూత పెట్టి అర నిమిషం పాటు రెండు అరచేతుల మధ్య దొర్లించండి. సీసా లోపల తడి ఉంటే ఆ చుక్కలు అడుగున ముత్యాల్లా కనిపిస్తాయి. అలా కనిపిస్తే పారబోసి మళ్లీ చేయండి. సీసా మీద శాతం, తేదీ రాయండి. రెండు నెలల్లో అయిపోయేంతే కలుపుకోండి.

వాడే ముందు వారం రోజుల పరీక్ష

చెవి వెనక ఒక చుక్క రాసి మర్నాడు చూసుకోవడం చాలదు. మంట అయితే గంటల్లో తెలుస్తుంది. అలర్జీ అలా కాదు, రాసిన రెండు మూడు రోజులకు బయటపడుతుంది. మళ్లీ మళ్లీ తగిలాక గానీ కొందరికి రాదు.

1. ముఖానికి వాడబోయే అదే మిశ్రమం, అదే శాతంలో తీసుకోండి. పరీక్షకు పలచనది, వాడకానికి చిక్కనిది అంటే పరీక్ష చేసినట్టు కాదు.
2. ముంజేతి లోపలి వైపు, మోచేతి మడతకు కాస్త దిగువన, నాలుగు వేళ్లు పట్టేంత చోటు గుర్తు పెట్టుకోండి.
3. అక్కడ ఉదయం, రాత్రి పలచగా రాయండి. కడగొద్దు, పైన కట్టు కట్టొద్దు.
4. ఏడు రోజులు అదే చోట అలాగే చేయండి.
5. దురద, ఎరుపు, చిన్న చిన్న పొక్కులు, గరుకుదనం, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపేయండి.

ఏడు రోజులూ చర్మం మామూలుగా ఉంటే ముఖానికి రావచ్చు. ఓపిక పట్టాల్సిన వారం ఇది. ముఖం మీద అలర్జీ వస్తే కనురెప్పలు వాచి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది, దాని ముందు ఈ వారం ఎక్కువేం కాదు.

మొటిమలకు

టీ ట్రీ నూనెకు చర్మం విషయంలో కాస్త గట్టి ఆధారాలున్నది ఇక్కడే. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద జరిగిన పోలికలో 5 శాతం టీ ట్రీ జెల్, మొటిమలకు మామూలుగా వాడే మందైన 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, కానీ మంట, పొడిబారడం లాంటి ఇబ్బందులు తక్కువ. ఆ ‘నెమ్మదిగా’ అన్న మాట గుర్తుంచుకోండి. మూడు రోజులు రాసి ఫలితం లేదని శాతం పెంచడమే అందరూ చేసే పొరపాటు.

ఇది పనిచేసేది ఎర్రగా లేచిన చిన్న మొటిమల మీద, తల తెల్లబడి చీము పట్టిన వాటి మీద. చర్మం లోతున గట్టిగా, నొప్పిగా ఉండే గడ్డల దాకా ఇది చేరదు. ఆ రకానికి చర్మ వైద్యుల మందే కావాలి, ఆలస్యం చేస్తే గుంటలు పడతాయి. పాత మచ్చల మీద, గుంటల మీద ఈ నూనె పనిచేయదు.

రాత్రిపూట రాయడం సులువు. సువాసన లేని తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడిగి, తుడిచి, పది నిమిషాలు ఆగండి. తడి చర్మంలోకి నూనె ఎక్కువగా దిగి మంట పుడుతుంది. దూది పుల్ల కొసకు 2 శాతం మిశ్రమం అంటించి, దాన్ని ఒకసారి సీసా అంచుకు ఒత్తి, మొటిమ తల మీద మాత్రమే తాకించండి. రుద్దొద్దు. చుట్టూ మెరిసే నూనె వలయం కందిగింజ కంటే పెద్దదిగా కనిపిస్తే ఎక్కువైనట్టు, కాగితంతో అద్ది తీసేయండి. కళ్ల చుట్టూ ఎముక గీత లోపల, ముక్కు రంధ్రాల అంచున, పెదవుల మీద వద్దు. పావుగంట తర్వాత మామూలు మాయిశ్చరైజర్ రాసుకోండి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. చర్మం ఒప్పుకుంటే రోజూ. నెల గడిచాక కూడా 2 శాతంతో ఇబ్బంది లేకపోతే 5 శాతానికి వెళ్లొచ్చు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూసి, అప్పటికీ మార్పు లేకపోతే మానేసి వైద్యుల దగ్గరికి వెళ్లండి.

బెంజాయిల్ పెరాక్సైడ్, శాలిసిలిక్ యాసిడ్, ట్రెటినాయిన్, అడాపలీన్ వాడుతున్నవాళ్లు దీన్ని అదే పూట, అదే చోట రాయొద్దు. ఆ మందులకు చర్మపు పై పొర పలచబడి ఉంటుంది, ఆ స్థితిలో 2 శాతం కూడా 10 శాతంలా మండుతుంది. మా అభిప్రాయంలో ఆ మందులు వాడుతున్నంత కాలం టీ ట్రీ అవసరమే లేదు.

నిమ్మ, బెర్గమాట్ లాంటి పిండి తీసిన నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు నల్లబడుతుంది. టీ ట్రీకి ఆ గుణం లేదు. అయినా మొటిమ మచ్చలు ఎండకు ముదురుతాయి కాబట్టి పగలు సన్‌స్క్రీన్ మానొద్దు.

చుండ్రుకు

2002లో వచ్చిన ఒక పరిశీలనలో 126 మందికి నాలుగు వారాలు 5 శాతం టీ ట్రీ షాంపూ, లేదా నూనె లేని షాంపూ ఇచ్చి చూశారు. రోజూ తలకు పట్టించి మూడు నిమిషాలు ఉంచి కడగడం పద్ధతి. టీ ట్రీ వాడినవాళ్లలో చుండ్రు 41 శాతం, మిగతావాళ్లలో 11 శాతం తగ్గింది. చుండ్రు పూర్తిగా పోతుందని దీని అర్థం కాదు, తగ్గుతుందని మాత్రమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. చుండ్రుకు మూలమైన మలసీజియా అనే ఫంగస్ మాడు మీది కొవ్వును తిని బతుకుతుంది. కొబ్బరి, ఆలివ్, పొద్దుతిరుగుడు లాంటి నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు కూడా దానికి మేతే. టీ ట్రీని కొబ్బరి నూనెలో కలిపి రాత్రంతా తలకు పట్టించుకుంటే ఒక చేత్తో మందు వేస్తూ ఇంకో చేత్తో మేత వేసినట్టు. నూనె వల్ల పొలుసులు నాని అతుక్కుపోయి కనబడవు, రెండు రోజులకు ఇంకా ఎక్కువగా రాలతాయి. కాబట్టి చుండ్రుకు టీ ట్రీని షాంపూలోనే కలపండి. షాంపూలో ఉండే నురుగు పదార్థాలు ఈ నూనెను నీటితో కలిపి పట్టి ఉంచుతాయి, ఇంకేమీ వేయక్కర్లేదు.

100 మిల్లీలీటర్ల సువాసన లేని షాంపూలోంచి 2 మిల్లీలీటర్లు తీసేసి, 2 మిల్లీలీటర్ల టీ ట్రీ నూనె వేయండి. సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ కలపండి, గట్టిగా ఊపితే ఉత్త నురుగే వస్తుంది. షాంపూ కాస్త పలచబడితే కంగారు పడొద్దు, అది మామూలే. తల తడిపి, వేళ్ల కొసలతో మాడుకు పట్టించండి, జుట్టు పొడవునా అక్కర్లేదు. మూడు నిమిషాలు గడియారం చూసి ఉంచి, తల వెనక్కి వంచి కడగండి. ముందుకు వంచి కడిగితే నురుగు కళ్లలోకి జారుతుంది. వారానికి మూడుసార్లతో మొదలుపెట్టి నెల చూడండి. 2 శాతం తలకు పడి, చుండ్రు ఇంకా ఉంటే తర్వాతి సీసా 5 శాతంతో చేసుకోవచ్చు, షాంపూ మూడు నిమిషాల్లో కడిగేసేదే కాబట్టి.

కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక కూడా జిడ్డు పొలుసులు, ఎరుపు ఉంటే అది ఉత్త చుండ్రు కాదు, సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. కీటోకొనజోల్ లాంటి మందు దానికి బాగా పనిచేస్తుంది.

కాలివేళ్ల సందుల్లో ఫంగస్‌కు

వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, ఊడి, దురద పెట్టే ఇబ్బంది ఇది. దీనికి మా సలహా సూటిగా చెప్తాం: ముందు టెర్బినాఫిన్ లేదా క్లోట్రిమజోల్ క్రీమ్ వాడండి. టీ ట్రీతో మంచి ఫలితం చూపిన పరిశీలనలో వాడింది 25, 50 శాతం ద్రావణాలు. ఆ గాఢతకు కొందరికి చర్మం తీవ్రంగా పొక్కింది కూడా. ఇంట్లో కలుపుకునే 2 శాతం నూనె దురదకు ఊరటనివ్వొచ్చు, ఫంగస్‌ను వదిలించే బలం దానికి ఉండదు.

క్రీముకు తోడుగా పాదాలు కడగడానికి మాత్రం ఇది పనికొస్తుంది. ఒక చెంచా సువాసన లేని ద్రవ సబ్బులో 0.1 మిల్లీలీటర్ టీ ట్రీ నూనె ముందుగా కలిపి, దాంతో వేళ్ల సందులు రుద్ది కడిగి, ప్రతి సందునూ విడిగా పొడి గుడ్డతో తుడవండి. ఫంగస్ తిరగబెట్టడానికి తడే ఎక్కువసార్లు కారణం. చర్మం చిట్లి రక్తం, చీము కనిపిస్తే సబ్బు నీళ్లు చాలు, నూనె వద్దు. గోళ్లలో చేరిన ఫంగస్‌కు దీన్ని నమ్ముకుని నెలలు పోగొట్టుకోవద్దు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు పాదాల మీద ఎలాంటి సొంత ప్రయోగమూ చేయకూడదు.

ఎవరికి వద్దు, ఎక్కడ వద్దు

పసిపిల్లలకు, చిన్నపిల్లలకు రాయొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుల్ని అడగకుండా వాడొద్దు. ఎగ్జిమా, రోసేసియా (ముఖం ఎర్రబడుతూ ఉండే చర్మ సమస్య) ఉన్న చర్మానికి ఇది నిప్పు మీద ఆజ్యమే. కాలిన గాయాలు, తెగిన చోట్లు, అప్పుడే షేవింగో వ్యాక్సింగో చేసిన చర్మం, జననాంగాలు, నోటి లోపల, చెవి లోపల, ఇవన్నీ నిషిద్ధం.

కడుపులోకి అసలే పోకూడదు. ఒకటి రెండు చెంచాలు మింగిన పిల్లలు మగతగా, తూలుతూ, స్పృహ తప్పే స్థితికి చేరతారు. అలా జరిగితే వాంతి చేయించొద్దు, సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లులకు, కుక్కలకు కూడా ఇది విషం. వాటి ఒంటికి రాయొద్దు, మీరు రాసుకున్న చోట నాకనివ్వొద్దు. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్స్ తీసేసి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వైద్యులకు చూపించండి.

దద్దుర్లు వస్తే

రాసిన వెంటనే మంట మొదలైతే నీళ్లు కొట్టుకుంటూ కూర్చుంటే అది పోదు, నూనె అక్కడే పరుచుకుంటుంది. ముందు మామూలు జొజోబానో, పొద్దుతిరుగుడు నూనెనో దూదికి అద్ది తుడవండి. టీ ట్రీ దాంట్లో కరిగి వచ్చేస్తుంది. తర్వాత తేలికపాటి సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పెట్రోలియం జెల్లీ పలచగా పూసి వదిలేయండి. మిగతా క్రీములన్నీ వారం పాటు ఆపండి.

అది ఒట్టి మంటా, అలర్జీనా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత చేయాల్సింది వేరువేరు. మంట అయితే నూనె తగిలిన చోటే ఎర్రబడుతుంది, అంచు స్పష్టంగా ఉంటుంది, దురద కంటే చురుకు ఎక్కువ, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. చర్మం పూర్తిగా మానాక శాతం తగ్గించి మళ్లీ పరీక్ష చేసుకోవచ్చు. అలర్జీ అయితే దురదే ముందు. ఎరుపు రాసిన చోటు దాటి పాకుతుంది, సన్నటి నీటి పొక్కులు లేస్తాయి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఒకసారి అలర్జీ ఏర్పడితే అది పోదు. శాతం తగ్గించినా, కంపెనీ మార్చినా మళ్లీ వస్తుంది.

ముఖం వాచినా, పొక్కులు పగిలి రసి కారినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీరు వాడిన అదే సీసా, కలిపిన మిశ్రమం రెండూ వెంట తీసుకెళ్లండి. వీపు మీద పట్టీలు అతికించి చేసే ప్యాచ్ టెస్ట్‌లో టీ ట్రీకి విడిగా పరీక్ష ఉంది. దాన్ని కావాలనే ఆక్సీకరణ చెందించిన నూనెతో చేస్తారు, అలర్జీ బయటపడేది దానితోనే కాబట్టి. పరీక్షలో తేలితే ఇంట్లో ఉన్న షాంపూ, సబ్బు, టూత్‌పేస్ట్, డియోడరెంట్, లిప్ బామ్ అన్నింటి వెనకా చిన్న అక్షరాల్లో మెలలూకా అన్న మాట ఉందేమో వెతకండి. ముందు వైపు టీ ట్రీ అని రాయని సరుకుల్లో కూడా అది ఉంటుంది.